ఊ కొట్టే చేతులు

ఈ చలికాలం కూడా పటాన్‌చెరు దగ్గర హైవే పక్కన స్వెట్టర్ల డేరాలు వెలిశాయి. ఫ్యాక్టరీ నుంచి ఇంటికి వస్తూ, కొనే పని లేకపోయినా ఒక డేరాలోకి దూరాను. మెరూన్ రంగు స్వెట్టర్ ఒకటి తీసి, తిరగేసి, చంక దగ్గరి అతుకును గోటితో గీరుతూ ఉంటే, సరుకు ముందు కూర్చున్న ఆడమనిషి కాసేపు ఓపిక పట్టింది. తర్వాత, "బాహర్ సే దేఖో మేడమ్, అందర్ క్యా హై" అంది. బయట అన్ని పువ్వులూ తీగలూ పెట్టుకుని తను కూర్చుంటే నేను లోపలి కుట్లు వెతుకుతున్నానని ఆమె బాధ. నాకు నవ్వొచ్చింది. ఏమీ కొనకుండానే బయటికి వచ్చాను.

స్వెట్టర్‌ని లోపలి నుంచి చూసే బుద్ధి నాది కాదు. కిష్టారెడ్డిపేటలో మా ఎదురు ఫ్లాట్‌లో ఉండిన పెద్దమ్మది. మాకు బంధుత్వం ఏమీ లేదు. వాళ్ళు సామాను దింపుకున్న రోజు చాయ్ చేసి పంపాను, ఆ సాయంత్రం ఆమె నన్ను "బిడ్డా" అంది, నేను "పెద్దమ్మా" అన్నాను, అంతే. మొన్నటి వానాకాలంలో జ్వరం వచ్చి, నాలుగు రోజులు కూడా మంచాన పడకుండా పోయింది.

వాళ్ళది సంగారెడ్డి బజార్‌లో కిరాణా దుకాణం నడిపిన కుటుంబం. పెద్దనాయిన మోకాళ్ళు మొరాయించాక దుకాణం ఆయన తమ్ముడికి అప్పజెప్పి, కొడుకు కొన్న ఫ్లాట్‌కు వచ్చేశారు. దుకాణం నుంచి ఆమె అడిగి మరీ తెచ్చుకున్నది ఒక చిన్న తరాజు. పప్పులు తూచిన ఆ తరాజులోనే ఇక్కడ ఊలు తూచేది. ఆ దుకాణం ఎదుట ప్రతి చలికాలం డేరా వేసే ఒక నేపాలీ ఆమె దగ్గర పెద్దమ్మ అల్లిక నేర్చుకుందట. ఒకరి భాష ఒకరికి రాదు. ఆమె నెమ్మదిగా అల్లి చూపించేది, ఈమె చూసి అల్లేది, తప్పు పోతే ఆమె చేతి మీద ఒకటి తగిలించేది. "నా గురువు కొట్టి నేర్పింది" అని పెద్దమ్మ గొప్పగా చెప్పుకునేది.

అయినా ఆ డేరాల్లోని సరుకు మాత్రం ఆమెకు ఆనేది కాదు. నేను ముచ్చటపడి ఒకసారి స్వెట్టర్ కొనుక్కొస్తే, చంక తిరగేసి చూసి పెదవి విరిచింది.

"కత్తెర పెట్టి కోసి మిషిన్ మీద కుట్టిన్రు బిడ్డా. ఇప్పితే ముక్కలు ముక్కలొస్తది. ఇప్పరానిది ఎందుకు కొన్నవ్?"

విప్పడానికి ఎవరైనా స్వెట్టర్ కొంటారా అనుకున్నాను. ఆమె పద్ధతి నాకప్పటికి తెలియదు. కార్తీకం వెళ్ళగానే ఆ అంతస్తులో ఎవరు ముక్కు చీదితే వాళ్ళకు ఒక స్వెట్టర్ వచ్చేది. మాకు, పక్కింటి పిల్లలకు, కింద వాచ్‌మన్‌కు. ఇచ్చే ముందు మన కళ్ళ ముందే తరాజులో పెట్టి, ముల్లు నిలబడేదాకా చూసి, "గింత ఇచ్చిన, శివరాత్రికి గింతే రావాలె. తొడుగుడు నీది, ఊలు నాది" అనేది. వేళాకోళం అనుకున్నాను. శివరాత్రికి శివశివా అంటూ చలి పోతుందంటారు కదా, ఆ పూట ఆమె తరాజు చంకన పెట్టుకుని మా తలుపు తట్టింది. వాచ్‌మన్ స్వెట్టర్ తూకం తగ్గితే, మోచేయి దగ్గర ఏ గోడకు రాసుకున్నావో చెప్పమని అతన్ని నిలబెట్టి అడిగింది.

అన్నీ పోగుచేసి, ఆ మధ్యాహ్నమే విప్పేది. శివరాత్రి ఒక్కపొద్దు, వంట పని లేదు, పొద్దు పోదు. మూడు నెలలు అల్లినదంతా ఒక పూటలో పోగులు పోగులై నేల మీద పడేది. ఆ ఊలు కడిగి, ఆరేసి, వచ్చే చలికి మళ్ళీ ఇంకోటి అల్లేది. నిరుడు నా ఒంటి మీద ఉన్న పచ్చరంగు ఈ యేడు వాచ్‌మన్ టోపీలోకి పోయేది. నాకు అది చూస్తే ప్రాణం ఉసూరుమనేది. ఆమెకు మాత్రం అల్లడంలో ఎంత సంతోషమో విప్పడంలోనూ అంతే.

"ఉంచుకుంటే ఏమైతది పెద్దమ్మా" అన్నాను ఒకసారి.

"పురుగు పడ్తది" అంది.

విప్పేటప్పుడు ఆ దారాన్ని దేనికో ఒకదానికి చుట్టాలి. అది పెద్దనాయిన పని. కుర్చీలో కూర్చుని, మోచేతులు డొక్కలకు ఆనించి, రెండు చేతులూ ముందుకు చాపేవాడు. పెద్దమ్మ కింద కూర్చుని స్వెట్టర్‌లోంచి దారం లాగుతూ ఆ చేతుల చుట్టూ తిప్పేది. ముక్కు దురద పెడితే ఆయన మొహం ముందుకు పెట్టేవాడు, ఆమె కొంగుతో రుద్దేది. ఆ ఏడాదిలో చెప్పుకోలేకపోయిన మాటలన్నీ ఆ పూటకే దాచుకునేదనుకుంటాను.

"ఉగాదికి మీ చెల్లె నన్నేమన్నదో ఎరికేనా?"

"ఊ."

"ఏడెరిక నీకు, నేను చెప్పనే లేకపోతి గదా."

"ఊ."

నేను గుమ్మంలో నిలబడి నవ్వుతుంటే ఆయన నన్ను సాక్ష్యం పిలిచేవాడు. "చూస్తున్నవా బిడ్డా, రెండు చేతులు కట్టేసి కోర్టుల నిలవెట్టినట్టే. నా స్వెట్టరన్న నాకు ఉంచుతదా అంటే అదీ లేదు. పోయినేడు గుండీలుండె, ఈ యేడు గుండీలే లేవు." ఆయనదెప్పుడూ ఒకటే ఊలు, బూడిద రంగుది. దాని రూపు ఏటేటా మారేది, అది ఇంకొకరి ఒంటి మీదికి మాత్రం పోయేది కాదు.

"కుర్చీకి చుడితే అయిపోదా, పాపం" అన్నాను.

"కుర్చీ ఒంగదు, ఊలు సాగి పాడైతది. చేతులైతే జెర సదురుకుంటయి" అని, ఒక చుట్టు తిప్పి, "ఇంకోటి, కుర్చీ ఊ కొట్టదు గదా" అంది. పెద్దనాయిన దానికీ ఊ అన్నాడు.

నేను ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేస్తాను. వచ్చిన సరుకు చూసి, బాగుంటే సంతకం పెట్టడం, లేకుంటే తిప్పి పంపడం నా పని. అలాంటి నేనే పెద్దమ్మ సూదులు కొనడం చూసి నోరు తెరిచాను. ఒక ఆదివారం, "రెండు సూదులు కొనేది ఉంది, జల్దీ వద్దాం" అని నన్ను సంగారెడ్డి బస్సెక్కించింది. పాత బజార్‌లో ఫ్యాన్సీ స్టోర్ అతను ఆమెను చూడగానే లేచి ఫ్యాన్ ఆపేశాడు. ఉక్కపోతలో ఇదేం మర్యాద అనుకున్నాను.

"అమ్మకు చప్పుడు వినాలె" అన్నాడు అతను నాతో, చిన్నగా.

గాజుల అట్టలు, రిబ్బన్లు పక్కకు జరిపి సూదుల కట్ట ముందు పెట్టాడు. ఆమె ఒక్కొక్కటి తీసి మొన మణికట్టు లోపలి వైపు గుచ్చి చూసింది. మరీ వాడి ఉంటే పోగు చీలుతుందట, మొద్దుగా ఉంటే పోగు కిందికి దూరదట. తర్వాత సూదిని చెంప మీద ఈ కొస నుంచి ఆ కొసకు రాసుకుంది. ఎక్కడన్నా గరుకు తగిలితే కట్టలోకి తోసేసింది. నల్ల సూదులు అసలు ముట్టుకోలేదు. "ముదురు ఊలుకు నల్ల సూది పెడితే చీకట్ల ఎతుకులాడినట్టే" అంది. బాగుందని నేను చూపించిన జిప్పు సంచిని కూడా వద్దంది, జిప్పు ఊలును నములుతుందట. ఆమె సంచి మైదా బస్తా గుడ్డతో కుట్టి, నోటికి బొందు కట్టినది. అందులో ఒక డబ్బాలో చింతగింజలు ఉండేవి. ఒక వరస అల్లగానే ఒక గింజ ఈ డబ్బాలోంచి ఆ డబ్బాలోకి వేసేది, ఎవరైనా మాటల్లో పెట్టినా లెక్క తప్పకుండా. వరస లెక్కకు ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి ఉందని దుకాణం అతను చూపిస్తే, దాన్ని తిప్పి తిప్పి చూసి, "గింజలైతే మనుమడు ఆడుకుంటడు" అని తిరిగిచ్చింది.

చివరిగా ఇంకో పరీక్ష ఉంది. సూదిని నడుం ఎత్తు నుంచి బండల మీద వదిలేసేది. స్టీలు సూది వదిలితే ఖంగున మోగి, దొర్లి, అల్మారా కిందికి పోయింది.

"గిది వద్దు తమ్మీ. మా ఆయనకు చీమ నడిచినా మెలుకువైతది. పగటి నిద్ర ఆయనది."

"స్టీలుయే మంచియి అమ్మా. జారుతయి, ఒంగయి, ఇరగయి."

"నాకెరుకే. చేతికి అవ్వే ఇంపుగుంటయి" అంది. వంగి దాన్ని తీసి, కొంగుతో తుడిచి, కాసేపు వేళ్ళ మధ్య తిప్పి కట్టలో పెట్టేసింది. పింగాణీలా తెల్లగా ఉన్న ప్లాస్టిక్ సూదులు రెండు తీసుకుంది. మా స్టోర్స్‌లో నేను ఇంత పరీక్ష పెడితే ఒక్క లారీ కూడా గేటు దాటి లోపలికి రాదు.

ఒక పుష్యమాసం పొద్దున, పాలప్యాకెట్లు తీసుకోవడానికి తలుపు తీసిన పెద్దనాయిన అక్కడే కూలబడి పోయాడు. అప్పుడు ఒంటి మీద ఆ బూడిద రంగు స్వెట్టరే ఉంది. దినాలు అయ్యాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, మిగిలిన ఆడబిడ్డ ఒక రోజు నా ముందే పెద్దమ్మను అడిగింది.

"వదినా, మెట్టెలు ఏం చేస్తవ్? గుడి హుండీల ఏస్తే పుణ్యమస్తది."

పెద్దమ్మ ఒడిలోని అల్లిక ఎత్తి చూపించింది. చెయ్యి మొదలయ్యే చోట, అంటే కుట్లు తగ్గించాల్సిన చోట, సూదికి గుర్తుగా ఏదో ఒకటి తొడగాలి. అంతకుముందు దారం ముక్కలు కట్టేది. ఇప్పుడక్కడ ఒక మెట్టె ఉంది, ఆ కొసన ఇంకొకటి.

ఆడబిడ్డ మొహం మాడిపోయింది. "ఎవరన్న చూస్తే ఏమనుకుంటరు వదినా?"

"ఏమనుకుంటరు. ఇన్నేండ్లు నా కాలికి గుర్తుగున్నయి, ఇగ స్వెట్టరుకు గుర్తుగుంటయి. వాటి పని అవి చేస్తున్నయి" అని అల్లుకుంటూ పోయింది. ఆడబిడ్డ తిట్టింది, ఏడ్చింది, అన్న పేరు ఎత్తింది. పెద్దమ్మ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. మెట్టెలు సూది మీదే ఉన్నాయి.

ఎండలు ముదిరాక మళ్ళీ సంగారెడ్డి వెళ్దామంది. ఫ్యాన్సీ స్టోర్ అతను అలవాటుగా లేచి ఫ్యాన్ స్విచ్ వైపు వెళ్ళబోతే, "ఉండనీ తమ్మీ" అంది. మణికట్టు మీద గుచ్చుకోలేదు, చెంపకు రాసుకోలేదు. "స్టీలుయి ఇయ్యి" అంది.

అతను తెలివైనవాడే గాని, విషయం తెలియదు. "అమ్మా, అవి మోగుతయి గదా" అన్నాడు.

"మోగనీ."

అతను ఆమె నుదుటి వైపు చూశాడు. సూదులు కాగితంలో చుట్టి ఇచ్చాడు. బస్సులో ఆమె వాటిని సంచిలో వేయకుండా చేతిలోనే పట్టుకుంది. నాకు ఏడుపు ఆగలేదు, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ తర్వాత మధ్యాహ్నాలు ఇంట్లో ఉన్నప్పుడు, ఎదురింట్లో సూది బండల మీద పడి మోగడం నాకు వినిపించేది. చేయి తిరిగిన మనిషి చేతిలోంచి సూది అన్నిసార్లు పడుతుందా అనిపించేది గాని, అడగలేదు.

కొడుకు మంచివాడు. పొద్దున్నే కారు తీసి సిటీలోని ఆఫీసుకు పోయేవాడు. ఇంట్లో ఉన్న రోజైనా చెవిలో ఆ తెల్లటి ముక్క ఉండేది, ఎవరితోనో మాట్లాడుతూ ఉండేవాడు. ఊలు చుట్టడానికి తండ్రి లేడని అతనికి తట్టింది. ఆన్‌లైన్‌లో ఒక మిషన్ తెప్పించాడు. బల్లకు బిగించి పిడి తిప్పితే ఊలు దానంతటదే ఉండలా చుట్టుకుంటుంది. దారం పట్టుకోవడానికి గొడుగులా విచ్చుకునే చెక్క చట్రం కూడా వచ్చింది. నేను ముచ్చటపడ్డాను. పెద్దమ్మ కూడా పిడి తిప్పి చూసి, పళ్ళు ఎలా కలుస్తున్నాయో వంగి చూసి, "మంచి సామాను" అంది. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి, గుడ్డ తొడుగు కుట్టింది. వచ్చినవాళ్ళందరికీ తొడుగు తీసి, "నా కొడుకు తెప్పించిండు" అని చూపించేది. ఒక్కనాడూ దాంతో ఊలు చుట్టలేదు.

ఆయన పోయిన యేడు ఇంట్లో పండగ లేదు. నిరుడు శివరాత్రికి అందరి స్వెట్టర్లూ నా చేతుల మీదే విప్పింది. నేనూ పెద్దనాయినలాగే ఊ కొట్టాను. అన్నీ అయ్యాయి. సంచిలో అడుగున బూడిద రంగుది కనిపించి చేయి చాపాను. ఆమె సంచి దగ్గరికి లాక్కుంది.

ఆ స్వెట్టర్ సంగతి అంతస్తులో అందరికీ తెలుసు. భర్త గుర్తుగా దాచుకుందని, అదొక్కటీ విప్పదని కోడలు అందరికీ చెప్పింది, చెబుతూ కళ్ళు తుడుచుకుంది కూడా. నేనూ అదే అనుకుని, "పోనీ పెద్దమ్మా, గుర్తుగ ఉండనీ" అన్నాను.

ఆమె నవ్వింది. "గుర్తేంది బిడ్డా. ఆయన యాదికుండనీకె నాకు స్వెట్టర్ గావాల్నా? పురుగు పడ్తదని నాకూ ఉంది. చేతులు దొరుకక ఉంచిన."

"నా చేతులు లేవా?"

"నీ చేతులు సన్నం. ఆయన చేతులు ఎట్లుండె, మా వానియి అట్లనే. వాడు అట్ల చేతులు చాపి కూసుంటే సూడాలె అని ఉంది నాకు" అంది. అని, మూసి ఉన్న కొడుకు గది తలుపు వైపు చూసింది. పండగ సెలవైనా లోపల ఇంగ్లీషులో మీటింగ్ నడుస్తోంది.

"అడగరాదు మరి. కూసోడా?"

"అడిగితే కూసుంటడు, వాడు మంచోడు. గడియారం దిక్కు సూసుకుంట కూసుంటడు. గట్లొద్దు. ఉట్టిగ, ఏం పని లేక వచ్చి కూసున్ననాడు ఇప్పుత. నువ్వు వానికి చెప్పకు."

చెప్పనన్నాను. సాయంత్రం దాకా ఆమె ఆ స్వెట్టర్ ఒడిలో పెట్టుకుని, ఆ తలుపుకు ఎదురుగా కూర్చునే ఉంది. తలుపు తెరిచి అతను బయటికి వచ్చాడు, ఫోన్ చూసుకుంటూ ఫ్రిజ్‌లోంచి నీళ్ళ సీసా తీసుకున్నాడు, "తినలేదా అమ్మా" అని అడిగాడు. ఒక్కపొద్దు బిడ్డా అంది. అవును కదా అని లోపలికి వెళ్ళాడు. ఆమె స్వెట్టర్ మడిచి సంచిలో పెట్టి, బొందు బిగించింది. ఆమె మీద నాకు కోపం వచ్చింది, అతని మీదా వచ్చింది. వానలు పడ్డాక ఆమె పోయింది.

ఈ ఏడు శివరాత్రి మధ్యాహ్నం మా తలుపు ఎవరో తట్టారు. ఒక్క క్షణం తరాజు కళ్ళముందు మెదిలింది. తలుపు తీస్తే ఆమె కొడుకు, చేతిలో మైదా గుడ్డ సంచి.

"అక్కా, అమ్మ సామాను సదురుతున్నం. ఇవి నీకైతేనే పనికొస్తయి" అని సంచి బల్ల మీద పెట్టాడు. స్టీలు సూదులు, వాటి మీద సగం అల్లిన పిల్లల స్వెట్టర్, దాని మీద రెండు మెట్టెలు, చింతగింజల డబ్బాలు. అడుగున బూడిద రంగుది. దాన్ని అతనే బయటికి తీసి, కాసేపు పట్టుకుని నిలబడ్డాడు.

"అందరియి ఇప్పింది గని నాయినది ఒక్కటి ఇప్పలేదు. గుర్తుకనే గదా అక్కా ఉంచుకున్నది?"

అవునంటే సరిపోయేది. చెప్పనని ఆమెకు మాటిచ్చి ఉన్నాను కూడా. కానీ ఆమె ఉన్నప్పుడు ఆ మాట ఆమె కోరికను కాపాడింది, ఇప్పుడిక దేన్ని కాపాడాలి? ఉన్నదున్నట్టు చెప్పాను. గుర్తుకు కాదని, చేతులు దొరక్క ఉంచిందని, ఎవరి చేతుల కోసం చూసిందో, ఎందుకు అడగలేదో.

అతను స్వెట్టర్ నా చేతికిచ్చాడు. మా హాల్లో ఉన్న కుర్చీ కిటికీ వైపు నుంచి ఇటు తిప్పుకుని కూర్చున్నాడు. మోచేతులు డొక్కలకు ఆనించి రెండు చేతులూ ముందుకు చాపాడు. ఎంత ఎడం ఉంచాలో అతనికి ఎవరూ చెప్పలేదు. పెద్దమ్మ అన్నది నిజమే, అవి పెద్దనాయిన చేతులే.

నేను కింద కూర్చుని, స్వెట్టర్ తిరగేసి, చంక దగ్గర గోటితో గీరి చూశాను. ఆమె అతుకు కొస ఎప్పుడూ అక్కడే దాచేది. దొరికింది. అతుకు ఊడదీసి, మెడ దగ్గర ముడి తెంపి లాగితే, వంకర్లు తిరిగిన ఊలు వరసగా రావడం మొదలైంది. అతని చేతుల చుట్టూ తిప్పాను.

"ఏమన్న చెప్పు అక్కా" అన్నాడు. "అమ్మ చెప్తుండేనట గదా."

ఫ్యాక్టరీ సంగతులు చెప్పలేను, మా అత్తగారి మీద చాడీలు అతనికెందుకు. సంగారెడ్డి బస్సు ఎక్కించిన రోజు దగ్గర మొదలుపెట్టాను. ఆమె దుకాణంలోకి అడుగుపెట్టగానే ఫ్యాన్సీ స్టోర్ అతను ఫ్యాన్ ఎందుకు ఆపాడో చెప్పాను. "ఊ" అన్నాడు. సూదిని చెంపకు రాసుకోవడం చెప్పాను. "ఊ" అన్నాడు, నేను తలెత్తి చూడలేదు.

అంతలో అతని జేబులో ఫోన్ మోగింది. నేను దారం పట్టుకుని ఆగాను. ఒకసారి ఆగిపోయి, మళ్ళీ మొదలైంది. పండగ పూట కూడా వదలని ఆఫీసే అయి ఉంటుంది. తీసి చెవి దగ్గర పెట్టనా అని అడిగాను. అతను జేబు వైపు చూసుకున్నాడు, చేతుల మీదున్న తండ్రి ఊలు వైపు చూసుకున్నాడు.

"మోగనీ అక్కా" అన్నాడు.

అతనికి ఆ స్టీలు సూదుల సంగతి నేనింకా చెప్పనే లేదు. చుట్టు ఒకటి తప్పింది, సరిచేసుకున్నాను. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

"ఊ, తర్వాత?" అన్నాడు.